ఇంటి లోపలి ఎండ

(బస్తీల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'నగరం – వాతావరణం' అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే ఇదేదో శాస్త్రవేత్తల వ్యవహారమనీ, గృహహింస కేసులు, రేషను కార్డులు, కూలిరేట్లు, ఇళ్ళ కూల్చివేతలతో సతమతమయ్యే మనకు దీనితో పనేమిటనీ అనిపించడం సహజం. పర్యావరణం అనగానే అడవి, నది, ఆనకట్ట గుర్తొస్తాయి. పదడుగుల అద్దెగది గుర్తు రాదు. నేనివాళ ఆ పదడుగుల గది గురించే మాట్లాడబోతున్నాను.

నగరం తన వాతావరణాన్ని చాలావరకు తానే తయారు చేసుకుంటుంది. అలా తయారైన వేడిలో, పొగలో చాలా కష్టమైన భాగం ఇంటి లోపలే ఉంటుంది. పొద్దు గుంకినా అది వదలదు. అక్కడ ఎక్కువసేపు ఉండేది స్త్రీలు. ప్రభుత్వం పెట్టిన కొలత పరికరం ఒక్కటీ అక్కడ లేదు. కొలత లేదు కాబట్టి లెక్క లేదు, లెక్క లేదు కాబట్టి బడ్జెట్టులో పద్దు లేదు. ఈ వరుసను అర్థం చేసుకుంటే మనం ఎక్కడ వేలు పెట్టాలో తెలుస్తుంది.

ముందు ఈ వేడి ఎలా పుడుతుందో చూద్దాం. లండన్‌లో మందుల తయారీ వ్యాపారం చేసుకుంటూ రోజూ వాతావరణాన్ని రాసిపెట్టుకున్న లూక్ హొవార్డ్ అనే ఆయన, 1818లో ప్రచురించడం మొదలుపెట్టిన గ్రంథంలో, నగరం మధ్య రాత్రులు చుట్టుపక్కల పల్లెల రాత్రుల కన్నా వెచ్చగా ఉంటున్నాయని అంకెలతో చూపించాడు. అంటే ఇది రెండువందల ఏళ్ళుగా తెలిసిన సంగతే. పల్లెలో సూర్యుడు పోగానే నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నగరంలో పగలంతా ఎండ తాగిన కాంక్రీటు, తారు, ఇటుక, రాయి సాయంత్రం నుంచి దాన్ని మెల్లగా కక్కుతుంటాయి. గోడలు దగ్గర దగ్గరగా లేచి, ఆకాశం సన్నటి పీలికలా కనిపించే సందుల్లో ఆ వేడి పైకి పోలేక ఒక గోడ నుంచి ఇంకో గోడకు తిరుగుతూ ఉంటుంది. మట్టి, చెట్టు, చెరువు ఉన్నచోట ఎండ వేడిలో కొంత భాగం నీటిని ఆవిరి చెయ్యడానికి ఖర్చవుతుంది. అవి లేనిచోట ఆ వేడంతా గోడలకూ గాలికీ దక్కుతుంది.

దీనికి తోడు ఎ.సి.లు. ఎ.సి. చలిని పుట్టించదు. గదిలోని వేడిని ఎత్తి బయట పోస్తుంది, తాను వాడుకున్న కరెంటు వేడిని కూడా అందులో కలిపి. పెద్ద అపార్టుమెంటు వెనక గోడకు వరుసగా వేలాడే ఆ పెట్టెలు ఏ వైపు ఊదుతున్నాయో ఒకసారి చూడండి. చాలాచోట్ల వెనక ఉన్నది బస్తీ సందు. ఒకరి ఇంటి చల్లదనం ఇంకొకరి ఇంటి ముందు వేడిగా దిగుతోందంటే వర్గం అనే మాటకు ఇంతకన్నా కళ్ళకు కట్టే ఉదాహరణ ఏం కావాలి?

ఇక్కడొక మెలిక ఉంది. దక్కన్ లాంటి మెట్ట ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట నగరం నేల కన్నా చుట్టుపక్కల పంట కోసేసిన బీడు భూములే ఎక్కువగా కాలుతుంటాయి. మన దేశపు నగరాల మీద ఉపగ్రహ చిత్రాలతో పనిచేసిన పరిశోధకులు ఈ సంగతి గమనించారు. అందుకని ఎవరైనా పగటి అంకెలు చూపించి, నగరం వేడెక్కడం లేదని వాదించవచ్చు. తేడా బయటపడేది రాత్రి. బీడు నేల తెల్లవారేసరికి చల్లారుతుంది, నగరం చల్లారదు. గాలి ఆడని, మబ్బు లేని రాత్రుల్లో ఈ తేడా బాగా పెరుగుతుంది. వేసవి గురించి పత్రికల్లో వచ్చే పెద్ద అక్షరాల వార్తలన్నీ మధ్యాహ్నపు గరిష్ఠ ఉష్ణోగ్రత గురించే. రాత్రి కనిష్ఠం లోపలి పేజీలో ఒక చిన్న పట్టికలో ఉంటుంది.

హైదరాబాదు సంగతికి వద్దాం. ఈ ఊరికి చెరువులే ఆధారం. హుసేన్‌సాగర్ పదహారో శతాబ్దంలో తవ్వారు. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇవి కాక వందల చెరువులు, కుంటలు. మాసాబ్‌ట్యాంక్ బస్టాపులో దిగేవాళ్ళలో ఎంతమందికి అక్కడ నిజంగా చెరువుండేదని తెలుసు? 'మా సాహెబా తలాబ్' అన్న మాటే అలా మారిందంటారు. ఒక రాణిగారి పేరు మీద వెలిసిన చెరువు పోయి పేరు మాత్రం మిగిలింది. 2007లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి మహానగర పాలక సంస్థ చేసినప్పుడు నగర విస్తీర్ణం ఒక్కసారిగా మూడు రెట్లు దాటింది. చెరువు, తోట, పొలం, రాతిగుట్ట అన్నీ లేఅవుట్లయ్యాయి. జంట జలాశయాల ఎగువన పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రిస్తూ 111 నంబరు జీవో వచ్చింది 1996 మార్చి 8న. కావాలని ఎంచుకున్న తేదీ కాదులెండి! 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో సుమారు వంద ఎకరాల చెట్లు బుల్‌డోజర్ల కింద పడ్డాక సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని పని ఆపించింది. దానికి ముందు రోజుల తరబడి పోరాడినవాళ్ళలో కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థినులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడ లేళ్ళు, నెమళ్ళు ఉన్నాయని పత్రికలు రాశాయి, సంతోషం. అక్కడి చెట్లు రాత్రుళ్ళు చుట్టుపక్కల కాలనీలను చల్లబరిచేవన్న మాట తక్కువగా వినబడింది.

ఇక గదిలోకి వెళ్దాం. మన బస్తీల్లో రెండు రకాల పైకప్పులున్నాయి. ఒకటి సిమెంటు రేకు, లేదా ఇనప రేకు. రెండోది స్లాబు. రెంటి స్వభావం వేరు. రేకు పలచన. ఎండ తగిలిన గంటలోనే కాగిపోయి, కింద ఉన్న మనిషి నెత్తి మీదికి నేరుగా వేడి దింపుతుంది. మధ్యాహ్నం రేకుల గదిలో వేడి బయట నీడలో ఉన్న వేడిని మించిపోతుంది. పొద్దు గుంకాక రేకు తొందరగానే చల్లారుతుంది, కానీ గోడలు చల్లారవు, సందులో గాలీ చల్లారదు. స్లాబు మందం. పగలంతా వేడిని లోపలికి పీల్చుకుని సాయంత్రం ఆరేడింటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా కిందికి వదులుతుంది. అందుకే రేకుల ఇంట్లో పగలు నరకం, పై అంతస్తు స్లాబు గదిలో రాత్రి నరకం. అద్దె తక్కువని పేదవాళ్ళకు దొరికేవి ఈ రెండే. స్లాబు మీద మళ్ళీ రేకుల షెడ్డు వేసి అద్దెకిచ్చే ఇళ్ళు ఉన్నాయి, వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

మరి వేసవిలో రాత్రి బస్తీకి వెళ్తే ఏం కనిపిస్తుంది? మగవాళ్ళు సందులో మంచాలు వేసుకుంటారు, అరుగు మీద, ఆటోలో, డాబా మీద పడుకుంటారు. చొక్కా విప్పేస్తారు. నల్లా దగ్గర నాలుగు చెంబులు గుమ్మరించుకుంటారు. ఆడవాళ్ళు లోపల ఉంటారు. డాబా మీద పడుకోవాలంటే తోడుండాలి. ఎదిగిన ఆడపిల్ల ఉంటే ఆ ఇంటి తలుపు తప్పకుండా మూసే ఉంటుంది. కిటికీ తెరిస్తే దోమలు, మూసీ వాసన, ఎదురింటివాళ్ళ చూపులు. పొయ్యి అదే గదిలో. పొద్దున్నే అయిదింటికి లేచి నీళ్ళు పట్టుకోవాల్సింది కూడా ఆమే. ఒకే ఇల్లు, ఒకే ఉష్ణోగ్రత అని మనం అనుకుంటాం. నిజానికి ఆ కుటుంబంలో ఎవరి వాతావరణం వారిదే. ఇంటిపనిలో లింగ విభజన గురించి మనం ఇరవై ముప్ఫై ఏళ్ళుగా మాట్లాడుతున్నాం, వేడి విషయంలో కూడా ఆ విభజన ఉందన్నది ఇంకా మన చర్చల్లోకి రాలేదు.

రాత్రి ఎందుకు ముఖ్యమో శరీరం వైపు నుంచి కూడా చూడాలి. పగలు ఎండలో అలిసిన శరీరం రాత్రి చల్లదనంలో తేరుకుంటుంది. గుండె నెమ్మదిస్తుంది, ఒళ్ళు చల్లారుతుంది. వరసగా మూడు నాలుగు రాత్రులు ఆ విరామం దొరక్కపోతే బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళ పరిస్థితి ప్రమాదంలో పడుతుంది. గాలి వేడి మన చర్మం వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను, దాటాక ఫ్యాను తిప్పేది వేడిగాలినే. చెమట ఆరడానికి మాత్రమే అది సాయపడుతుంది. చెమట పట్టాలంటే నీళ్ళు తాగాలి. నీళ్ళు తాగాలంటే మరుగుదొడ్డి అందుబాటులో ఉండాలి. పది ఇళ్ళకు ఒక మరుగుదొడ్డి ఉండి, దానికి దీపం లేక, గడియ సరిగా పడకపోతే, సాయంత్రం ఏడు దాటాక నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు మీ అందరికీ తెలుసు. రోడ్డు పక్క కూరగాయలమ్మే స్త్రీ, కట్టడం పని చేసే స్త్రీ పగలంతా అదే పని చేస్తారు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీ బాధలు ఊరికే రావడం లేదు. కాబట్టి మరుగుదొడ్డి కోసం మనం చేసే పోరాటం ఎండదెబ్బ మీద పోరాటం కూడా అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

గర్భిణుల సంగతి ఇంకా తీవ్రమైనది. చెన్నైలోని శ్రీ రామచంద్ర ఉన్నత విద్యా పరిశోధన సంస్థ వారు 2017 నుంచి తమిళనాడులో 800 మంది గర్భిణులను పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించారు. వేడిలో పనిచేసే స్త్రీలలో గర్భస్రావం, మృతశిశు జననం ప్రమాదం సుమారు రెండింతలుగా ఉందని తేలింది. గర్భం పోయిన స్త్రీని మన సమాజం ఏమేమి అంటుందో మీకు తెలుసు. బరువెత్తావు, బండెక్కావు, దిష్టి తగిలింది. పైకప్పును ఎవరూ అనరు.

పని గురించి ఒక మాట. పాతబస్తీ లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. ఆ గాజులు ఎలా తయారవుతాయో చూసినవాళ్ళకు తెలుస్తుంది. నిప్పుల కుంపటి మీద లక్కను కరిగించి, మెత్తగా ఉండగానే చేతులతో సాగదీసి, వంచి, రాళ్ళు అద్దాలి. ఆ చిన్న గదిలో బొగ్గు సెగ, బొగ్గు పొగ రెండూ కలిసి ఉంటాయి. బీడీలు చుట్టేవాళ్ళు ఫ్యాను వేస్తే పొగాకు ఎగిరిపోతుంది, అగరొత్తులు చుట్టేవాళ్ళకు పొడి ఎగిరిపోతుంది. కరెంటు ఉన్నా, ఫ్యాను ఉన్నా దాన్ని ఆపుకుని కూర్చోవాల్సిన పని ఇది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 13వ సెక్షను ఏమంటుందంటే, పనిచేసే చోట వేడి వీలైనంత తక్కువగా ఉండేలా గోడలు, పైకప్పు కట్టాలి. పైకప్పు అన్న మాట చట్టంలోనే ఉంది! 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. పాత చట్టమైనా, కొత్త కోడైనా ఒకటి మాత్రం మారలేదు, ఆమె ఇల్లు ఫ్యాక్టరీ కిందికి రాదు. యజమాని అద్దె కట్టడు, కరెంటు బిల్లు కట్టడు, పైకప్పు బాధ్యతా అతనిది కాదు.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వస్తాను. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. 45 దాటితే మామూలుతో పోలిక లేకుండానే వడగాలి. తీరప్రాంతంలో 37 నుంచే లెక్క మొదలవుతుంది. వెచ్చని రాత్రికి కూడా ఒక నిర్వచనం ఉంది కానీ, దాన్ని ప్రకటించాలంటే కూడా పగలు 40 చేరి తీరాలి. ఈ కొలతలు ఎక్కడ తీస్తారు? హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయం దగ్గర. థర్మామీటరును నేలకు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు పూసి, నాలుగువైపులా గాలి ఆడేలా చీలికలు పెట్టిన చెక్కపెట్టెలో, బహిరంగ ప్రదేశంలో ఉంచుతారు. శాస్త్రరీత్యా అది అవసరమే, నేను తప్పు పట్టడం లేదు. అయినా అనకుండా ఉండలేను, ఆ థర్మామీటరుకు దొరికిన తెల్లరంగు, గాలి, నీడ మన బస్తీలో ఒక్క గదికీ లేవు.

చావుల లెక్క కూడా ఇలాంటిదే. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా ఎండదెబ్బతో పోయారని ప్రభుత్వ లెక్క. ఎన్.సి.ఆర్.బి. ఏటా ఇచ్చే ఎండదెబ్బ మరణాల్లో మగవాళ్ళే ఎక్కువ. పొలంలో, రోడ్డు మీద, కట్టడం దగ్గర పడిపోయినవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ ఉండడం నిజమే, ఆ కూలీల ప్రాణాలు మనకు తక్కువేమీ కాదు. అయితే రోడ్డు మీద పడిపోయిన మనిషికి పంచనామా ఉంటుంది. ఇంట్లో మంచం మీద తెల్లవారేసరికి లేవని ముసలమ్మకు ఏముంటుంది? గుండె ఆగిందంటారు, వయసైపోయిందంటారు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు 4 లక్షల పరిహారం ఇస్తామంది. మంచి నిర్ణయం. కానీ వడదెబ్బ అని ధ్రువీకరణ కావాలి, ఎండలో లేని మనిషికి వడదెబ్బ ఎలా తగిలిందని మొదటి ప్రశ్న వస్తుంది.

దీనికి మార్గం లేకపోలేదు. అహ్మదాబాద్‌లో 2010 మేలో ఎండలు 46.8 డిగ్రీలకు చేరాయి. పరిశోధకులు ఎండదెబ్బ ధ్రువపత్రాలను పక్కనపెట్టి, ఆ నెలలో మొత్తం చావులను దానికి ముందు, తర్వాతి ఏళ్ళ మే నెలల చావులతో పోల్చారు. 1,344 చావులు అదనంగా కనిపించాయి. ఆ లెక్కే 2013లో ఆ నగరం వేడి నివారణ ప్రణాళిక తయారు చెయ్యడానికి కారణమైంది. మన మునిసిపాలిటీల్లో జనన మరణ రిజిస్టర్లు ఉన్నాయి. వార్డువారీగా, స్త్రీ పురుషులవారీగా, మే నెల చావులు అడగడం సమాచార హక్కు చట్టం కింద కష్టమైన పని కాదు.

సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి షికాగో గురించి చెప్పకుండా వదలలేను. 1995 జులైలో అక్కడ వారం రోజుల వడగాలిలో 739 మంది అదనంగా చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రవేత్త 2002లో దాని మీద పుస్తకం రాశాడు. పక్కపక్కనే ఉన్న రెండు పేద పేటల్లో ఒకదానిలో చావులు ఎక్కువ, రెండోదానిలో చాలా తక్కువ. రెండో పేటలో వీధులు జనంతో, దుకాణాలతో కళకళలాడేవి, ముసలివాళ్ళు బయటికొచ్చేవాళ్ళు. మొదటిదానిలో భయంతో తలుపులేసుకుని ఒంటరిగా ఉండిపోయారు. చావులు ప్రకృతి వల్ల కాదు, సమాజం వల్ల అన్నాడాయన. ఆ మాట నాకు నచ్చింది. కానీ దాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకూడదు. మన బస్తీలో సమస్య ఒంటరితనం కాదు, ఇరుకు. తలుపేసుకోవడం మాత్రం రెండుచోట్లా ఉంది. అక్కడ ముసలితనం తలుపేయించింది, ఇక్కడ ఆడతనం.

గాలి విషయం కొంచెం తక్కువలో చెబుతాను. వేసవిలో వేడి ఎలాగో, చలికాలంలో పొగ అలాగ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రుళ్ళు నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వాహనాల పొగ, ఫ్యాక్టరీల పొగ, తగలబెట్టిన చెత్త పొగ ఆ మూత కింద తెల్లవారేదాకా ఉండిపోతాయి. 2.5 మైక్రాన్ల కన్నా సన్నటి ధూళి, మన వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కన్నా చిన్నది, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కు చేరుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం దాని సగటు ఏడాదికి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన పరిమితి 5. అంటే మనం ప్రమాణాన్ని పాటించినా, వాళ్ళ లెక్కలో ఎనిమిది రెట్లు ఎక్కువ పీలుస్తున్నట్టే.

ఆ మూత కింద చీపురు పట్టుకుని ఎవరుంటారు? తెల్లవారక ముందే రోడ్డూడ్చే పారిశుధ్య కార్మికుల్లో స్త్రీలే ఎక్కువ, అందులోనూ దళిత స్త్రీలు ఎక్కువ. టైర్ల కింద నలిగిన దుమ్మును చీపురు మళ్ళీ గాల్లోకి లేపుతుంది. ముక్కుకు కొంగే అడ్డం. గాలిని కొలిచే యంత్రాలు జూపార్కు, సనత్‌నగర్, బొల్లారం, పాశమైలారం వంటి చోట్ల కొన్ని ఉన్నాయి, గాలిని అవి మనిషి తల కన్నా ఎత్తు నుంచి తీసుకుంటాయి. చీపురు ఎత్తులో ఏముందో వాటికి తెలియదు. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాదు, పటాన్‌చెరు, నల్గొండ, విజయవాడ, విశాఖ, గుంటూరు ఉన్నాయి. ఆ డబ్బుతో రోడ్లూడ్చే యంత్రాలు కొనడం తేలిక. ఊడ్చే మనిషి వేతనం, మాస్కు, పని వేళలు ఆ పద్దులో పడవు. యంత్రం వస్తే ఆమె ఉద్యోగం ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. ఆ ప్రశ్న యూనియన్లు అడగక ముందే మనం అడగాలి.

వంటింటి పొగ విషయంలో కొంత మేలు జరిగిందని ఒప్పుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చాయి. గ్యాసు స్త్రీ పేరు మీద వచ్చింది. కానీ సిలిండరు ధర పెరిగినప్పుడల్లా మొదట పొదుపు చేసేది స్నానం నీళ్ళ దగ్గర. వంట గ్యాసు మీద చేసి, నీళ్ళు మాత్రం వాకిట్లో మూడు రాళ్ళ మీద కాస్తారు, చితుకులు, అట్టలు, పాత చెప్పులు, ప్లాస్టిక్కు, ఏది దొరికితే అది వేసి. అదీ చలికాలం తెల్లవారుజామునే, గాలి కదలని ఆ వేళలోనే. సర్వేలో 'గ్యాసుందా?' అని అడిగితే 'ఉంది' అని రాసుకుని వెళ్ళిపోతారు. మీరు సర్వే చేసేటప్పుడు నీళ్ళు దేనిమీద కాస్తున్నారని కూడా అడగండి.

ఇక ఏం చెయ్యొచ్చు? తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతలు, పలకలు వెయ్యాలని. దేశంలో ఇలాంటి విధానాలు తెచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనదొకటి, అభినందించాలి. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, ప్రభుత్వం కట్టించే పేదల ఇళ్ళకు అది తప్పనిసరి. ప్రైవేటు ఇళ్ళలో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికి తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. అరవై గజాల్లో మూడు వాటాలు వేసి అద్దెకిచ్చిన ఇంటికి ఐచ్ఛికం అంటే ఎవరి ఇచ్ఛ? ఇంటాయనకు ఎండ తగలదు, అద్దెకున్నామెకు కప్పు మీద హక్కు లేదు. పూత తానే వేయించుకుంటే వచ్చే ఏడాది అద్దె పెంచడని నమ్మకమేమిటి? పట్టాలేని బస్తీలో అయితే ఆ పూతకు డబ్బు పెట్టడానికి ఏ శాఖా ముందుకు రాదు. అందుకే ఇంటి హక్కు, అద్దె హక్కు వదిలేసి పైకప్పు గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

అహ్మదాబాద్‌లోని మహిళా హౌసింగ్ ట్రస్టు వాళ్ళు చేసిన పని చూడదగ్గది. బస్తీ స్త్రీలే ఇంటింటికీ తిరిగి కప్పులకు తెల్లపూత వేయించారు. 'సేవ' సంఘం 2024 వేసవిలో ఎండ ఒక హద్దు దాటగానే 40 వేలకు పైగా స్త్రీలకు తలా 400 రూపాయలు ఇచ్చింది, కూలి పోయిందని రుజువులు అడక్కుండా. ఆ రోజు పనికి పోకుండా ఉండే స్వేచ్ఛకు 400 చాలదు. పైగా ఆ హద్దు పగటి ఎండ హద్దే. అయినా ఎండకు పోయిన కూలి అనేది ఒక నష్టమని, దానికి ధర కట్టవచ్చని అది ఒప్పించింది. అదే ఊళ్ళో ఒక మునిసిపల్ ఆసుపత్రిలో బాలింతల వార్డు పై అంతస్తులో కప్పు కింద ఉండేది. దాన్ని కింది అంతస్తుకు మార్చారు, అంతే. ఎండ వల్ల నవజాత శిశువుల ఐ.సి.యు.లో చేరే పిల్లలు 64 శాతం తగ్గారు. కొత్త యంత్రాలు కొనలేదు, మంచాలు దించారు. మీ జిల్లా ఆసుపత్రిలో ప్రసూతి వార్డు ఏ అంతస్తులో ఉందో రేపు చూసి రండి.

చట్టం మన వైపు లేకపోలేదు. కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులోనే అంది. 2024లో రంజిత్‌సింహ్ కేసులో వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణాల్లో ఉందని చెప్పింది. ఆ కేసు బట్టమేక పిట్ట గురించి వచ్చింది. పిట్ట పుణ్యమా అని మనకూ ఒక హక్కు దొరికింది, దాన్ని గది దాకా తీసుకురావాల్సింది మనమే.

దానికి ముందు మన చేతిలో మన అంకెలు ఉండాలి. మధ్యాహ్నం తర్వాత మనం చర్చించబోయే పని అదే. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు పెద్ద ఖరీదేం కాదు. ప్రతి బస్తీలో పది ఇళ్ళు, అందులో కొన్ని రేకులవి, కొన్ని పై అంతస్తు స్లాబువి, కొన్ని చెట్టు కింద ఉన్నవి. ఏప్రిల్ మొదటి నుంచి మే చివరి దాకా మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి, తెల్లవారుజామున అయిదింటికి చూసి రాసుకోవాలి. పొయ్యికి, బల్బుకు దూరంగా, మనిషి పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టాలి. అంకె పక్కన ఆ సమయానికి గదిలో ఎవరెవరున్నారో, ఎవరు బయట పడుకున్నారో, ఆ రోజు నీళ్ళెప్పుడొచ్చాయో, కరెంటెప్పుడు పోయిందో రాయాలి. చదువు రానివాళ్ళింట్లో బడికెళ్ళే పిల్లలు రాస్తారు. కొన్ని నోటుపుస్తకాలు గీతలు గీయించి తెచ్చాను, గడులు ఇంకా ఏమైనా కావాలంటే అందరం కలిసి మార్చుకుందాం.